కారు తోంది

"ఇంటి పనుల్లో మీరు వేలు పెట్టకండి" అని పెళ్ళయిన కొత్తలోనే దణ్ణం పెట్టి చెప్పింది భార్య, ఇన్నేళ్ళూ పెట్టలేదు, ఇవాళ పెట్టాడు, పెట్టిన వేలు ఇప్పుడు తీయడానికి లేదు. వంటింటి సింకు కింద వెల్లకిలా పడుకుని, తల గోడకి ఆనించి, కాళ్ళు వంటింట్లో ఖాళీ ఉన్న మేరకి చాపుకుని, గోడలోంచి బెత్తెడు పొడుచుకొచ్చి మొన విరిగిన ఇనప పైపు నోట్లో కుడిచేతి బొటనవేలు కుక్కి ఉన్నాడతను. పసివాడి నోట్లో పాలపీకలాగా ఉంది వేలు, కాకపోతే ఇక్కడ నోరు పైపుది, పీకల మీదికొచ్చింది మాత్రం అతనికి. పొద్దున ఈ పైపుకున్న రోగమల్లా ఒక్క చుక్క. తీరిగ్గా, ముందూ వెనకా ఆలోచించుకుని పడే చుక్క. కింద గిన్నె పెడితే సరిపోయేది, ఆవిడ పెట్టింది కూడా, కానీ ఆ టప్పు టప్పు అతని చెవికి పడలేదు, చెవికి పడని శబ్దం ఇంజనులోంచి వస్తే బిగించడమే అతనెరిగిన వైద్యం. పానా తెచ్చాడు, పానా చాలదని దాని పిడికి జాకీ రాడ్డు తొడిగాడు, రాడ్డు చివర ఒళ్ళంతా వేసి ఒక్క తిప్పు తిప్పాడు. తిరగాల్సింది తిరగలేదు, విరిగింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమని అంటారు గానీ, గొడ్డలిదాకా వెళ్ళి మళ్ళీ గోటి దగ్గరికే వచ్చి పడుకున్నవాడు ఈ వీధిలో ఇతనొక్కడే.

డాబా మీద టాంకు. పొద్దున నిండుగా ఉంది, ఇప్పుడెంతుందో పైవాడికే తెలియాలి, ఈ మధ్యాహ్నం పైనున్నది భార్యే. ఈ ఎండల్లో కుళాయి ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు, వచ్చిన పూట ఒడిసిపట్టుకోవాలి, మళ్ళీ వచ్చేదాకా ఆ టాంకే దిక్కు, ఆ దిక్కుకి దిక్కు ఇప్పుడు అతని బొటనవేలు. వాల్వు కట్టేస్తే పోయేదే, ఆ పనిమీదే ఆవిడ పైకెళ్ళింది, తిప్పింది, తుప్పు తప్పుకోలేదు, వాల్వు చక్రం ఊడి చేతికొచ్చింది. ఇన్నేళ్ళు ఇంట్లో చక్రం తిప్పిన మనిషి ఆ ఊడిన చక్రం పట్టుకుని దిగొచ్చి, సింకు ముందు వంగి, అతని మొహంలోకి చూసింది. అరవలేదు. అరిస్తే బావుండేది. "చూడండి, ఈ టాంకు ఖాళీ అయితే ఆ కారు షెడ్డు ఖాళీ. సాయంత్రం మా తమ్ముడొస్తాడు, బండి వాడికేనని మాటిచ్చేస్తాను" అంది. వేలి సందుల్లోంచి అంతా పోయేలోపు చేతనైనంత తోడుకుందామని బకెట్టు తీసుకుని మళ్ళీ డాబా ఎక్కింది.

అప్పట్నుంచి అతనికి లోకమంటే ఆవిడ పాదాలే. తడి పాదాలు వస్తాయి, బకెట్టు గిన్నెలోకి వంగుతుంది, పాదాలు వెళతాయి, కాసేపటికి మెట్ల మీద గెంతులు వినిపిస్తాయి, ఎందుకంటే డాబా పెనంలా కాలుతోంది. చెప్పులేసుకోవచ్చుగా అనుకున్నాడు మొదట. "నా చెప్పులెక్కడ చచ్చాయో" అని ఆవిడ రెండు ట్రిప్పుల మధ్య గొణుక్కుంటుంటే, ఉన్న చెమటకి తోడు కొత్త చెమట పట్టింది. చెప్పులు చావలేదు, షెడ్డులో ఉన్నాయి. కారు వెనక చక్రాల కింద. నిన్న బ్రేకులు విప్పి సామానంతా భోజనాల బల్ల మీద పరిచాడు కదా, షెడ్డు నేల వీధివైపు వాలు కదా, బండి దొర్లకుండా ఏదో ఒక అడ్డు కావాలి కదా, ఇటుకలు పెడితే టైర్లకి గీతలు పడతాయి, చెప్పులైతే మెత్తగా ఉంటాయి. చెప్పకుండా పెట్టాడు చెప్పులు. చెబుదామా? ఇప్పుడా? ఒక చేత్తో వేలు పెట్టుకుని రెండో చేత్తో కొరివి పెట్టుకున్నట్టుంటుంది. పోనీ ఆవిడే గెంతుతుందిలే, గెంతితే ఆరోగ్యం, అనుకుని, అనుకున్నందుకు సిగ్గుపడి, సిగ్గుపడ్డందుకు వేలు కాస్త సడలి, చల్లటి నీటితీగ ఒకటి మణికట్టు మీదుగా, ముంజేతి మీదుగా, మోచేతి మీదుగా జారి సరిగ్గా నోట్లో పడింది.

మోచేతి నీళ్ళు! తాగే ఖర్మ పట్టింది, ఇంకొకళ్ళవి కాదు, సొంతవే. ఇవి అయిపోతే బావమరిదివి తాగాలి. ఆ బావమరిది పూలమొక్కల వ్యాపారి, మొక్కలమ్మడం వరకు పర్లేదు, మొక్క కనిపిస్తే కుండీ వెతికే మనిషి, కుండీ దొరక్కపోతే కనిపించిందల్లా కుండీయే. పాత బూట్లలో చామంతులు వేశాడు, పగిలిన కమోడులో గులాబీ వేసి ఇంటిముందు పెట్టాడు, కిందటేడు వచ్చినప్పుడు షెడ్డులో కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, బానెట్టు మీద అరచెయ్యి వేసి నిమిరి, "బావా, ఇందులో మట్టి ఎంత పడుతుందంటావ్?" అన్నాడు. ఆ రాత్రి అతనికి కలొచ్చింది: తన కారు, పాలమీగడ రంగు కారు, గుండ్రటి కళ్ళ కారు, రోడ్డుపక్క కొట్టు ముందు నిలబడి ఉంది, స్టీరింగుకి తీగ పాకింది, గేరు రాడ్డుకి మొగ్గ తొడిగింది, సీట్లలో ఎరువు. ఉద్యోగంలో ఎవరు సెలవు పెట్టినా ఆ కుర్చీలో కూచోబెడతారని అతనికి స్టెప్నీ అని పేరు, తన సొంత కుర్చీ అంటూ ఒకటుందంటే అది ఆ కారులో డ్రైవరు సీటే, అందులో కూడా వంకాయ నారు పోస్తారా? 'పూల రథం' అని బోర్డు కూడా రాయించాట్ట. రథం! దేనికి? విరిగిన పైపు దగ్గర్నుంచి చూస్తే అది పాడె.

వేలు తిమ్మిరెక్కింది. చెయ్యి మార్చడానికి లేదు, మార్చే ఆ రెప్పపాటులో టాంకు టాంకంతా వంటింట్లోకి దిగుతుంది. సింకు కింద గాలాడదు, ఇంజను కింద ఎన్ని గంటలైనా పడుకోగలడు, అక్కడ గ్రీజు వాసనుంటుంది, ప్రాణం లేచొస్తుంది, ఇక్కడ గిన్నెలు తోమే సబ్బు, నానిన చెక్క, ఎప్పుడో జారిపోయిన చెంచా ఒకటి. ఫ్యాను హాల్లో ఉంది, ఇంకోటి షెడ్డులో ఉంది. అవును, షెడ్డులో ఫ్యాను పెట్టాడు, ఇంట్లో చల్లగా ఉండేది ఆ ఒక్క చోటే, ఆవిడ నింపిన బకెట్లు కూడా వేడెక్కకుండా ఆ నీడలోనే పెడుతోంది, గిన్నెలు తోమే సబ్బునీళ్ళు, పీచు కూడా అక్కడికే చేర్చింది. ఎవరో ఒకరు రావాలి, వచ్చి ఈ కన్నం మూయాలి. అందుకేగా సంఘం ఉన్నది. పాత కార్ల సంఘం అంటే కార్లకే సాయమని బయటివాళ్ళు అనుకుంటారు, నిజానికి వాళ్ళు ఒకళ్ళ ఇళ్ళు ఒకళ్ళు బాగుచేసుకున్నంతగా కార్లు కూడా బాగుచేసుకోలేదు. గ్రీజు మామ స్నానాలగది తలుపు బందులు ఊడితే డిక్కీ బందులు బిగించారు, అది ఇప్పటికీ పైకే తెరుచుకుంటుంది, లోపలున్న మనిషి తువ్వాలు సర్దుకునే వ్యవధి ఉండదు. పళ్ళ డాక్టరు ఇంట్లో కూలరు చెడిపోతే రేడియేటరు ఫ్యాను పెట్టారు, దాని ఊపుకి గోడ మీది కాలెండరు రెండు నెలలు ముందుకెళ్ళిపోయింది. రైల్వే స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పే మనిషి, గొంతుని బట్టి హారన్‌ అని పేరు, అతని ఇంటికి కాలింగు బెల్లు బదులు లారీ హారన్ పెట్టారు, పాలవాడు పాలపాకెట్లు వీధి మలుపులోనే వదిలేసి పోతున్నాడు. మరమ్మతంటే వాళ్ళకి మర మత్తు. భార్య ఒకసారి నిలదీసింది కూడా, "వాళ్ళు మీకేమవుతారండీ? చుట్టాలు కారు, పక్కాలు కారు, ఒక ఆఫీసువాళ్ళు కారు. కారు తప్ప వాళ్ళు మీకేమీ కారు!" అని. సమాధానం దొరక్క నీళ్ళు నమిలాడు. ఇప్పుడూ అవే నములుతున్నాడు.

మెసేజి పెట్టి చాలాసేపైంది. ఎడమచేత్తో, చీకట్లో, ఎడమ బొటనవేలికి చదువు రాదని తెలిసి కూడా, సంఘం గ్రూపులో 'ఇంట్లో కారుతోంది, ఆపలేకపోతున్నా, త్వరగా రండి' అని కొట్టాడు. కొట్టాననుకున్నాడు. పంపాక వెలుగులో చూస్తే మధ్యలో ఒక ఖాళీ పడింది. 'ఇంట్లో కారు తోంది, ఆపలేకపోతున్నా, త్వరగా రండి.' సర్దుదామని నొక్కేలోపు ఫోను చేతిలోంచి జారి మడుగులో పడి, ఒక్కసారి వణికి, ఆరిపోయింది. ఫరవాలేదు, తెలుగువాళ్ళేగా, అర్థం చేసుకుంటారు, అనుకున్నాడు. తెలుగువాళ్ళు అర్థం చేసుకోకపోవడమంటూ ఉండదు, తలో అర్థం చేసుకుంటారు.

వంటింటి కిటికీ షెడ్డువైపే. ముందు మామ స్కూటరు దగ్గింది, తర్వాత డాక్టరు బండి ఆగింది, ఆ తర్వాత వీధంతా ఒక్కసారిగా ప్లాట్‌ఫారమ్ అయిపోయింది.

"దయచేసి గమనించండి! చెల్లెమ్మగారూ! మీరు తోస్తున్న కారుని ఎక్కడిదక్కడ ఆపవలసిందిగా కోరుతున్నాము!" హారన్‌ గొంతు అది. తర్వాత మామూలుగా, అంటే ఇంకో వీధికి మాత్రమే వినిపించేలా, "ఇక్కడెవరూ లేరే?" అన్నాడు.

"తోయడం కాదు, తోముతోంది," పళ్ళ డాక్టరు. "మెసేజి సరిగ్గా చదువు. 'ఇంట్లో' అంటే ఆవిడే, అంతవరకు సరే. కారు తోంది. మధ్యలో 'ముతో' పడిపోయింది."

"'ముతో' కాదు, 'స్తో' పడిపోయింది. తోస్తోంది. కట్టెయ్యడానికి తాడు కూడా తెచ్చా."

"ఇదిగో బకెట్టు, ఇదిగో సబ్బునీళ్ళు, ఇదిగో గరుకు పీచు. ఇంకేం రుజువు కావాలి? ఆ రంగు మీద ఈ పీచేసి తోమితే ఎనామిల్ లేచిపోదూ? ఆవిడకి ఎన్నిసార్లు చెప్పాను, గట్టిగా తోమడం వేరు, శుభ్రంగా తోమడం వేరు అని!"

"ఒరేయ్, ఇద్దరూ తప్పే," గ్రీజు మామ, మోకాళ్ళు విరుచుకుంటూ. "తోలుతోంది. మా రోజుల్లో బండి తోలడమనే అనేవాళ్ళం. తాళాలు చూడండి, బండికే వేలాడుతున్నాయి. అల్లుడి మీద కోపమొచ్చి తోలుకుపోదామని చూసుంటుంది పాపం. బ్రేకుల్లేని బండి!"

కారుతోందిరా, నీళ్ళు, నీళ్ళు, అని సింకు కిందనుంచి అరిచాడతను. అరుపు సింకు అడుక్కి తగిలి, గిన్నెల్లో తిరిగి, అతని చెవుల్లోకే వచ్చింది. ఊపిరంతా కూడదీసి మళ్ళీ అరిచాడు, "లోపలున్నా! వేలు తీయలేను!"

బయట గుసగుసలు. "ఏమంటున్నాడు?" "వీలు తీయలేనంటున్నాడు." "వీలెవడు తీయమన్నాడురా నిన్ను? ఉండనీ!" అని హారన్‌ ధైర్యం చెప్పాడు, "చక్రాలుంటేనే మాకు సులువు! నువ్వు చెల్లెమ్మని మాటల్లో పెట్టి లోపలే ఆపు, మేము బండిని డాక్టరు ఆస్పత్రి షెడ్డుకి తరలిస్తున్నాము!" తరలిస్తున్నాము! స్టేషన్లో గూడ్సు బళ్ళని అన్నట్టు. ఆ తర్వాతి శబ్దాలకి చూపు అక్కర్లేదు, ఆ కారులో ఏ శబ్దం ఎక్కడ పుడుతుందో అతనికి తెలుసు. ఇది ఎడమ తలుపు, మూయాలంటే కాస్త ఎత్తి మూయాలి, ఎత్తలేదు వెధవలు. ఇది స్టీరింగు కీచు. ఇది మామ వంగడం, మోకాలు ముందు, నడుము తర్వాత. "ఇవేంట్రా చక్రాల కింద?" "ఏవైతేనేం, తియ్యండి." చెప్పులు! తియ్యకండి! వద్దు!

తీశారు. నేలమీద టైర్లు కదిలిన ఆ మెత్తటి చప్పుడు, అన్నం కుండ కింద మంట తగ్గినప్పుడు వచ్చే నిట్టూర్పులాంటిది, అతని వెన్నులోంచి పోయింది. బ్రేకులు భోజనాల బల్ల మీదున్నాయి. వీధి వాలు. వాలు చివర మలుపు. మలుపులో ఏముంటుందో ఎవరికి తెలుసు, గోడో, లారీయో, ఆవో. "పట్టుకో, పట్టుకో!" "నేను తాడు పట్టుకున్నా, నువ్వు బండి పట్టుకో!" "తాడు బండికి కట్టావా?" "కట్టడానికి టైమెక్కడిచ్చావ్?" లేవాలి. ఇప్పుడు లేస్తే నాలుగంగల్లో గేటు, గేటు దాటితే ముందు డోరు, ఎత్తి లాగితే తెరుచుకుంటుంది, స్టీరింగు ఎడమకి కోస్తే బండి మట్టిగట్టు ఎక్కి ఆగుతుంది, అతనికొక్కడికే తెలుసు ఆ బండి ఎంత కోస్తే ఎంత వింటుందో. వేలు తీయాలంతే. వేలు తీస్తే టాంకు ఖాళీ. టాంకు ఖాళీ అయితే షెడ్డు ఖాళీ. తీయకపోతే షెడ్డు ఇప్పుడే ఖాళీ. నీళ్ళ కోసం కారుకి నీళ్ళొదులుకోవడమా, కారు కోసం నీళ్ళొదిలేసుకోవడమా? ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయని పెద్దలన్నారు, ఇల్లు ఓడయి బండి పరారైతే ఏంచెయ్యాలో అనలేదు. ఎటైనా ఓడేది అతనే. తీసెయ్, అంది ఎడమచెయ్యి. తీసేస్తా, అన్నాడు. బొటనవేలు సగం కదిలింది కూడా, చల్లటి నీళ్ళు మొహం మీద చిమ్మాయి.

ఆ నీళ్ళు వాననీళ్ళలా తగిలాయి. కారు కొన్న కొత్తలో వాన. టాపుకి కన్నముందని అమ్మినవాడు చెప్పలేదు, ఆకాశం చెప్పింది. ఊరికి దూరంగా, చీకటి పడుతూ, కారుమబ్బు కింద కారు, కారులో ఇద్దరు, సరిగ్గా ఇద్దరి మధ్యన పైనుంచి ధార, కొత్తగా వేయించిన తోలు సీటు మీదికి. అతను అయ్యో అయ్యో అన్నాడు. ఆవిడ చెయ్యెత్తి ఆ కన్నంలో వేలు పెట్టింది. దారంతా అలాగే. గతుకు వచ్చినప్పుడల్లా నడినెత్తిన గాజుల చప్పుడు. మధ్యలో చెయ్యి మార్చుకుంటావా అని అడిగాడా? గుర్తులేదు, అడిగుండడు. మనసంతా వైపర్ల మీదుంది. ఇల్లు చేరాక ఆవిడ చెయ్యి దించలేకపోయింది, కొయ్యబారిపోయింది, అలా ఎత్తి పట్టుకునే బండి దిగింది, తరగతిలో జవాబు తెలిసిన పిల్లలా. అప్పుడతను టార్చిలైటు తెచ్చి లోపలికి దూరి మొట్టమొదట అన్నమాట, "సీటు తడవలేదు కదా?" ఆవిడ నవ్వింది. చెయ్యి పైనే ఉంచి, గుమ్మానికి ఆనుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ కాలం నవ్వు అది. మర్నాడు తల ఎడమచేత్తో దువ్వుకుంది.

మెట్ల మీద గెంతులు వినిపించాయి. కాలిన పాదాలు, ఒకటి ఆనుతూ ఒకటి ఆనకుండా.

సగం తీసిన వేలు మళ్ళీ లోపలికి దోపాడు. కణుపుదాకా. ఇంకాస్త. పోనీ. పోతే పోనీ. దూరంగా హారన్‌ గొంతు వాలులో పడి వెళ్ళిపోతోంది, "దయచేసి దారినుంచి తప్పుకోండి! దయచేసి! ఒరేయ్ తప్పుకోండ్రా!"

బకెట్టు నేలకి తగిలింది, తడి పాదాలు సింకు ముందాగాయి, చీర కుచ్చిళ్ళు వంగాయి, ఆవిడ మొహం తలకిందులుగా కనిపించింది, ఎర్రగా, ఎండకి కందిపోయి. "ఏమండీ, మీ వాళ్ళు మీ కారుని వీధిలోకి వదిలేశారు. దొర్లిపోతోంది. వినపడ్డం లేదా?"

"వినపడుతోంది."

"మరి?"

"వేలు తీస్తే నీళ్ళు పోతాయి కదా."

ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది, లెక్క తప్పిన దర్జీ గుడ్డని చూసినట్టు. "మీ కళ్ళు కారుతున్నాయి" అంది.

"పైపునీళ్ళు."

"పైపునీళ్ళు పైనుంచి కిందికి కారతాయి. ఇవి పక్కకి కారుతున్నాయి." అని, కొంగు దోపుకుని, ఆ ఇరుకులోకే భుజం దూర్చి, అతని వేలి మీద తన వేలు ఆనించింది. "జరగండి. నేను పెడతాను. మీరు పరిగెత్తండి."

అతను లేవబోయాడు. ఎడమకాలు ఉద్యోగం మానేసింది, కుడికాలు సెలవు పెట్టింది, స్టెప్నీ మూడో కాలంటూ లేదు. లేచే ప్రయత్నంలో నెత్తి సింకుకి కొట్టుకుంది, సరిగ్గా అదే క్షణంలో వీధి చివరనుంచి కూడా ఒక శబ్దం వచ్చింది. ధబ్బని కాదు. ధన్నని కాదు. మెత్తగా, లావుపాటి మనిషి పరుపు మీద కూచున్నట్టు, భుస్‌మని. ఇనుము విరిగిన చప్పుడు లేదు, గాజు పగిలిన చప్పుడు లేదు. తర్వాత బావమరిది అరుపు, "ఒరేయ్ ఎవడ్రా అది! నా మట్టి!"

సాయంత్రం వస్తానన్నవాడు ఎండలోనే వచ్చేశాడు, ఉత్తచేతుల్తో రాలేదు, అక్క మాటివ్వకముందే కారులో నింపడానికి మట్టి బస్తాలు వ్యానులో వేసుకొచ్చి, వ్యాను మలుపు తిరగదని వీధి చివర దింపి పేర్చుకుంటున్నాడు. ఎందులో పొయ్యాలని తెచ్చాడో అదే వచ్చి మట్టిలో మూతి పెట్టుకుని ఆగింది. మన్నుతిన్న పాములా ఆగింది, అని తర్వాత హారన్‌ వర్ణించాడు, గీత కూడా పడలేదని డాక్టరు అద్దం పెట్టి చూసి నిర్ధారించాడు.

ఆ తర్వాత వంటింట్లోకి ముగ్గురు సభ్యులు, ఆరు చెప్పులు, ఒక తాడు, ఒక డబ్బా పాలిషు, ఒక సీసా బ్రేకాయిలు వచ్చాయి. సింకు కింద భార్యాభర్తలు పక్కపక్కన పడుకుని గోడలో వేళ్ళు పెట్టుకుని ఉండడం చూసి ముగ్గురూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు. "కారుతోందిరా," అన్నాడతను, విడగొట్టకుండా, ఒక్క మాటగా. "ఇంట్లో. నీళ్ళు. కా-రు-తోంది." ముగ్గురి మొహాల్లోనూ అక్షరాలు ఒక్కొక్కటే వెనక్కొచ్చి చోట్లో కూర్చున్నాయి. "అయితే ఏ అక్షరమూ పడిపోలేదన్నమాట," అన్నాడు హారన్‌, జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో.

డాక్టరు జేబులోంచి పిడి ఉన్న చిన్నద్దం తీసి పైపు నోరు పరీక్షించాడు. "మొత్తం అరిగిపోయింది. ఫిల్లింగ్ నిలవదు. ఏదైనా గట్టిగా బిగించి మూయాలి. ఇంత లావు, మర ఉన్నది." మామ గ్రీజు రాద్దామన్నాడు. హారన్‌ తాడు కుక్కుదామన్నాడు. అతను కళ్ళు మూసుకున్నాడు. ఇంత లావు, మర ఉన్నది. కారుతోపాటు వచ్చిన స్పార్కు ప్లగ్గులు, పుట్టుప్లగ్గులు, వాటిని పెట్రోల్లో కడిగి, ఆవిడ టీ వడకట్టే జల్లెడలో ఆరబెట్టి, ఆవిడ పాత బ్రష్షుతో తోమి, ఇన్నేళ్ళు బయటిది ఒక్కటి ఎక్కించకుండా నెట్టుకొచ్చాడు. "మూడో సిలిండర్‌ ప్లగ్గు తీసుకురండి," అన్నాడు. "పాత ట్యూబు ముక్క చుట్టి బిగించండి."

"అల్లుడూ! పుట్టుప్లగ్గురా! నీళ్ళు తగిలితే ఇంక అది..."

"తీయండి మామా."

పైపు మీద తన వేలి పక్కనున్న అతని వేలిని ఆవిడ ఒకసారి నొక్కింది, లేక చోటు సర్దుకుందో. ప్లగ్గు వచ్చింది, రబ్బరు చుట్టారు, "ఒకటి, రెండు" అని హారన్‌ బండి బయల్దేరుతున్నట్టు లెక్కపెట్టాడు, వేళ్ళు తప్పుకున్నాయి, అందరి మొహాలూ తడిశాయి, మామ చెయ్యి తిరిగింది, తిరిగింది, బిగిసింది. ఒక చుక్క ఊరింది. ఆలోచించింది. పడలేదు.

"ఇదిగో అమ్మాయ్," అని మామ అప్పుడు చంకలోంచి తీశాడు, "నీ చెప్పులు చక్రాల కిందెందుకున్నాయే?"

ఆవిడ చెప్పులు చూసింది. అతన్ని చూసింది. అరికాళ్ళు చూసుకుంది. అతను గోడలోకి దూరడానికి ఇంకో కన్నం ఉందేమోనని చూశాడు. ఆవిడ చెప్పులు కింద పెట్టి ఒక్కో పాదమూ జాగ్రత్తగా దూర్చింది. "రేపట్నుంచి ఇటుకలు పెట్టండి."

"గీతలు," అని మొదలెట్టి, "పెడతాను," అన్నాడు.

బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు, చొక్కా నిండా మట్టి, చేతిలో బొగడబంతి మొక్క. "అక్కా, టాంకెంతుంది? ఖాళీయేనా?"

"సగానికి పైనే ఉంది. మిగతాది బకెట్లలో ఉంది. నువ్వెళ్ళి బస్తాలు తీసి, కారు వెనక్కి రావడానికి దారివ్వు."

"అదేంటి? ఇంటి విషయం ఇంట్లోవాళ్ళం మనం మాట్లాడుకుందాం, ముందు వీళ్ళందర్నీ పంపించు. మధ్యలో ఈ పరాయివాళ్ళెవరు?"

అప్పటికే ముగ్గురూ పరాయివాళ్ళలాగే హాల్లోకి జరిగి ఫ్యాను కింద తడి బట్టలు ఆరబెట్టుకుంటున్నారు. ఆవిడ వాళ్ళవైపు చూసింది, పైపులోంచి పొడుచుకొచ్చిన ప్లగ్గువైపు చూసింది, బరువైన మాట అనబోయే ముందు గొంతు సర్దుకుంది. "ఒరేయ్, వాళ్ళు పరాయివాళ్ళు" అని ఒక క్షణం ఆగి, గట్టిగా, హాల్లోకి కూడా వినపడేలా, "కారు!" అంది.

"కారా?" అన్నాడు హారన్‌. "కారుకేమైంది?" మళ్ళీ దొర్లిందా, మళ్ళీ దొర్లుతోందిరా, తాడు, తాడు, అని ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వీధిలోకి పరిగెత్తారు. నా బస్తాలు అని బావమరిది వాళ్ళ వెనక పరిగెత్తాడు.

వంటింట్లో ఇద్దరే మిగిలారు. అతను సింకు కిందనుంచి మెల్లిగా, ముందు తల, తర్వాత చేతులు, ఆఖరికి నిద్రలేవని కాళ్ళు, బయటికి లాక్కుని గోడకి ఆనుకుని కూచున్నాడు. బొటనవేలు తెల్లగా నాని, ముడతలు పడి, పైకే నిలబడి ఉంది, వంగనంటోంది. దాన్ని అలాగే ఎత్తి పట్టుకున్నాడు, జవాబు తెలిసిన పిల్లాడిలా. ఆవిడ ఆ వేలిని చూసింది, అతని కింద ఇంకా మడుగు కట్టి ఉన్న నీళ్ళని చూసింది, నీళ్ళోడుతున్న అతని పంట్లాం వెనకభాగాన్ని వంగి మరీ చూసింది.

"సీటు తడవలేదు కదా?" అంది.